కౌన్సెలింగ్‌కు మొదటిసారి ఎలా వెళ్లాలి? అడ్డుపడే అపోహలను ఎలా దాటాలి?

కౌన్సెలింగ్ అనే మాట మన పత్రికల్లో ఎక్కువగా మూడు సందర్భాల్లో కనిపిస్తుంది. ఒకటి ఇంజనీరింగ్ సీట్ల భర్తీ. రెండోది, తాగి బండి నడిపినవాళ్లనో రౌడీషీటర్లనో పోలీసులు స్టేషన్‌కు పిలిపించి "కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు" అనే వార్త. మూడోది, ఆలుమగలు గొడవపడితే ఇరువైపుల పెద్దలను కూర్చోబెట్టి సర్దిచెప్పే పంచాయితీ. మనసు బాగోలేనప్పుడు వెళ్లే కౌన్సెలింగ్‌కు ఈ మూడింటితోనూ సంబంధం లేదు. అయినా ఆ మాట వినగానే చాలామందికి కళ్లముందు మెదిలేది ఆ రెండో దృశ్యమే. ఒకరు తల దించుకుని నిలబడి ఉంటారు, ఇంకొకరు బుద్ధి చెబుతూ ఉంటారు.

నేను జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను. మా నాన్న పోయాక తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం మొదలైంది. మళ్లీ నిద్ర పట్టేది కాదు. పాఠం మధ్యలో మాట మరిచిపోయి బోర్డు వైపు తిరిగి నిలబడిపోయేదాన్ని. పరీక్షల రోజుల్లో బెంగపడే పిల్లలకు "కౌన్సెలర్‌ను కలవండి" అని నేనే చెప్పేదాన్ని. నేను వెళ్లడానికి మాత్రం దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నన్ను ఆపింది డబ్బూ కాదు, దూరమూ కాదు. ఎవరో నన్ను కూర్చోబెట్టి బుద్ధి చెబుతారన్న భయం. మీరూ అలాగే వాయిదా వేస్తూ ఉంటే, ఏ మెట్టు దగ్గర ఏ భయం ఎదురవుతుందో, దాన్ని ఎలా దాటాలో చెప్పాలని ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. చనిపోవాలన్న ఆలోచనలు ఇప్పుడు మిమ్మల్ని వేధిస్తూ ఉంటే ఈ మెట్లేవీ మీకు అవసరం లేదు. ఇక్కడితో చదవడం ఆపి 14416కు ఫోను చేయండి. అది టెలీమానస్, కేంద్ర ప్రభుత్వ సహాయ కేంద్రం. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం ఉంటే 112కు చేయండి. ఆ సమయంలో ఒంటరిగా ఉండకండి. ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోమనండి, ప్రమాదకరమైన వస్తువులు, మందులు వాళ్ల చేతికి ఇచ్చేయండి. ఆసుపత్రికి వెళితే పోలీసు కేసవుతుందని భయపడి, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని ఇంట్లోనే దాచి ఉంచే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది. చికిత్స, సంరక్షణ అందించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. కాబట్టి క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

1. మీ ఇబ్బందిని మీ మాటల్లో రాసుకోండి

"నాది అంత పెద్ద సమస్య కాదు, అది పిచ్చివాళ్లు వెళ్లే చోటు" అనేది మొదట ఎదురయ్యే అపోహ. ఇది మనకు చిన్నప్పుడే అంటుకుంది. హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ అనే పేరును తెలుగునాట ఎంతమంది వెక్కిరింతగా వాడి ఉంటారో లెక్క లేదు. ఒక పిల్లవాడు కాస్త వింతగా ప్రవర్తిస్తే చాలు, ఆ పేరు చెప్పి నవ్వడం. నిజానికి అలాంటి ఆసుపత్రుల బయటి రోగుల విభాగానికి నిద్ర పట్టనివాళ్లు వస్తారు, పరీక్ష హాలులో చేతులు వణికే పిల్లలు వస్తారు, తాగుడు మానాలనుకునేవాళ్లు వస్తారు, ప్రసవం తర్వాత దిగులు తగ్గని తల్లులు వస్తారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం, 18 ఏళ్లు దాటినవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. సమస్యను బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. మీ వీధిలో, మీ ఆఫీసులో, మీ పెళ్లి ఫొటోలో ఉన్నవాళ్లే వీళ్లంతా.

అందుకే "నాకు జబ్బు ఉందా, లేదా" అనే ప్రశ్నను పక్కన పెట్టండి. ఒక కాగితం తీసుకుని ఇవి రాయండి: ఇది ఎప్పటి నుంచి ఉంది? నిద్ర ఎలా ఉంది? ఆకలి తగ్గిందా, పెరిగిందా? ఇంతకుముందు ఇష్టంగా చేసిన ఏ పని ఇప్పుడు చేయబుద్ధి కావడం లేదు? ఎవరితో మాట్లాడటం మానేశారు? దిగులో నిరాసక్తతో రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ భాగం ఉంటూ, దాని వల్ల పనో చదువో ఇంటి సంగతో కుంటుపడుతుంటే వెళ్లడానికి అది చాలు. అంతకంటే తక్కువైనా వెళ్లవచ్చు. ఉద్యోగం మారాలా వద్దా అని తేల్చుకోలేక సతమతమయ్యేవాళ్లూ వెళతారు.

జబ్బు పేర్లు వెతికి రాయకండి. "పొద్దున లేవగానే గుండె మీద రాయి పెట్టినట్టు ఉంటుంది" అన్న మీ మాటే కౌన్సెలర్‌కు ఎక్కువ ఉపయోగం. మన దగ్గర దిగులు చాలాసార్లు ఒంటి నొప్పిగానే బయటపడుతుంది. గుండె దడ, తలపోటు, కడుపులో మంట, అరికాళ్ల మంటలు, ఎంత పడుకున్నా తీరని నీరసం. ఈసీజీ తీస్తారు, స్కానింగ్ చేస్తారు, "ఏమీ లేదు" అని పంపిస్తారు. ఏమీ లేకపోతే ఇంత బాధ ఎందుకన్న ప్రశ్నతో మనిషి ఇంకో డాక్టరు దగ్గరకు వెళతాడు. అలాగని ఒంటి సంగతి వదిలేయమనడం లేదు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువగా ఉన్నా, బి12 లోపించినా దిగులు, అలసట రావచ్చు. ఆ పరీక్షలు ఒకసారి చేయించుకుని రిపోర్టులు ఆ కాగితంతో పాటే ఉంచండి.

2. ఎవరు ఎవరో తెలుసుకోండి

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ప్రత్యేకంగా చదివిన డాక్టరు. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మనస్తత్వ శాస్త్రం చదివి, ఆసుపత్రిలో శిక్షణ పొందినవారు. మందులు రాయరు, పరీక్షలు చేస్తారు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. వీరు భారత పునరావాస మండలి దగ్గర నమోదై ఉండాలి. ఆ మండలి రిజిస్టర్‌లో పేరు ఉందో లేదో దాని వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఇక కౌన్సెలర్ అనే బోర్డు వెనుక రకరకాల చదువులు ఉంటాయి. సైకాలజీలోనో సోషల్ వర్క్‌లోనో ఎంఏ చేసి ఏళ్ల తరబడి పనిచేసినవారు ఉంటారు, కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సు చేసినవారూ ఉంటారు. అందుకే "మీరు ఏమి చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు" అని అడగడం మర్యాద తప్పడం కాదు. మంచివారు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. "నరాల బలహీనత" అనుకుని నరాల డాక్టరు దగ్గరకు వెళ్లడం ఒకటి. పక్షవాతం, మూర్ఛ వంటివి చూసే న్యూరాలజిస్ట్ వేరు, మానసిక వైద్యులు వేరు. రెండోది, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలు ఇచ్చేవారిని కౌన్సెలర్లనుకోవడం. ఉపన్యాసం విని ఉత్సాహం తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఉపన్యాసకుడు వేదిక మీద తాను మాట్లాడతాడు. కౌన్సెలింగ్ గదిలో ఎక్కువసేపు మాట్లాడాల్సింది మీరు.

గుడికో దర్గాకో చర్చికో వెళ్లడం మానేస్తేనే కౌన్సెలింగ్ చేస్తారని కొందరు అనుకుంటారు. అలా ఎవరూ షరతు పెట్టరు. మీకు ప్రార్థనలో ఊరట దొరుకుతుంటే కొనసాగించండి, ఆ సంగతి కౌన్సెలర్‌కూ చెప్పండి. తాయెత్తు కట్టించుకున్నాం కదా అని వాడుతున్న మందులు ఆపడం మాత్రం వద్దు.

3. ఎక్కడికి వెళ్లాలో, ఎంత ఖర్చవుతుందో చూసుకోండి

కౌన్సెలింగ్ డబ్బున్నవాళ్ల వ్యవహారమన్న మాటలో కొంత నిజం ఉంది. నగరాల్లో ప్రైవేటుగా ఒక్కో సిట్టింగ్‌కు, అంటే కౌన్సెలర్‌తో ఒకసారి కూర్చుని మాట్లాడటానికి, తీసుకునే ఫీజు సామాన్యుడికి భారమే, అదీ వారం వారం. కానీ అదొక్కటే దారి కాదు. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లోనూ సేవలు అందుతాయి. రద్దీ ఎక్కువ కాబట్టి మొదటి రోజే ముప్పావుగంట మీతో మాట్లాడతారని ఆశపడకండి. డాక్టరు చూసిన తర్వాత "ఇక్కడ క్లినికల్ సైకాలజిస్ట్ ఉన్నారా, వారిని కలిసేందుకు రాసివ్వగలరా" అని అడగండి. చాలామంది ఈ ప్రశ్న అడగకుండానే చీటీ పట్టుకుని వెనక్కి వచ్చేస్తారు.

పల్లెలో ఉన్నవారికీ, ఎవరి కంటా పడకూడదనుకునేవారికీ పైన చెప్పిన టెలీమానస్ మంచి మొదటి మెట్టు. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం రోజున దీన్ని ప్రారంభించారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడే చేయాలన్న నియమం ఏమీ లేదు. "నాకు నిద్ర పట్టడం లేదు, ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదు" అని అడిగినా వింటారు, అవసరమైతే దగ్గర్లోని ఆసుపత్రి వివరాలు చెబుతారు.

విద్యార్థులైతే ముందు మీ కళాశాలలో విచారించండి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్‌నో సైకాలజిస్ట్‌నో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలన్నది అందులో ఒకటి. శిక్షణ కేంద్రాలకూ ఇవి వర్తిస్తాయి. మీ సంస్థలో ఎవరూ లేకపోతే తల్లిదండ్రులు ఈ మాట ఎత్తి అడగవచ్చు, అడగాలి కూడా. ఒక అధ్యాపకురాలిగా చెబుతున్నాను, నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగిన మాటకు ఉండే బరువు మా స్టాఫ్ మీటింగులో మేము ఎత్తిన మాటకు ఉండదు.

ఆరోగ్య బీమా ఉంటే ఒక సంగతి. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. సిట్టింగ్ ఫీజు వస్తుందా రాదా అన్నది మీ పాలసీ కాగితాల్లో చూసుకోండి.

బెంగళూరులోనో గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి ఇది చదువుతున్నవారు వీలైతే తెలుగు తెలిసినవారినే వెతుక్కోండి. రోజంతా ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకు కూడా "అలిగాను", "చిన్నబుచ్చుకున్నాను", "బెంగపెట్టుకున్నాను" అనే మాటలు ఆ భాషలో దొరకవు. ఇప్పుడు వీడియో కాల్‌లో తెలుగువారు దొరుకుతున్నారు.

4. ఫోను చేసి నాలుగు ప్రశ్నలు అడగండి

ఫోను చేసి మొత్తం కథ చెప్పాలేమోనని చాలామంది భయపడతారు. అవసరం లేదు. "నమస్కారమండీ, మొదటిసారి వస్తున్నాను. అపాయింట్‌మెంట్ కావాలి" అంటే చాలు. ఎందుకని అడిగితే "నిద్ర సరిగా ఉండటం లేదు" అనో "మనసు బాగోలేదు" అనో చెప్పండి. అంతకుమించి రిసెప్షన్‌లో చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత మీరు అడగాల్సినవి: సిట్టింగ్ ఎంతసేపు ఉంటుంది, ఫీజు ఎంత, తెలుగులో మాట్లాడతారా, రాలేకపోతే ఎంత ముందు చెప్పాలి. మగవారా ఆడవారా అన్నది మీకు ముఖ్యమైతే అదీ అడగండి. ఫోనులో మాట్లాడలేకపోతే మెసేజ్ పెట్టండి. నేను అలాగే చేశాను, అదీ మూడుసార్లు రాసి చెరిపేసిన తర్వాత.

5. ఇంట్లో ఎంత చెప్పాలో ముందే నిర్ణయించుకోండి

ఇంటి గుట్టు లంకకు చేటన్నారు మన పెద్దలు. ఆ మాట మన ఇళ్లలో ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, కౌన్సెలర్ ముందు అత్తగారి గురించో అన్నయ్య గురించో నోరు విప్పితే ద్రోహం చేసినట్టు అనిపిస్తుంది. గుట్టును వీధిలో చాటడం వేరు, గోప్యత పాటించే బాధ్యత ఉన్న ఒక్క మనిషికి చెప్పుకోవడం వేరు. మోకాలి నొప్పి గురించి డాక్టరుకు చెబితే ఇంటి పరువు పోతుందని ఎవరూ అనుకోరు కదా.

మీకు 18 ఏళ్లు దాటితే ఎవరికీ చెప్పకుండా వెళ్లే హక్కు మీకు ఉంది. అయినా ఒక్కరికైనా తెలిసి ఉండటం మంచిదని నా అభిప్రాయం. చెప్పేటప్పుడు చిన్నగా చెప్పండి: "అమ్మా, కొన్నాళ్లుగా నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. ఒకరిని కలిసి మాట్లాడదామనుకుంటున్నాను. నువ్వు రానక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు." ఆమె వెంటనే "మేము ఏం తక్కువ చేశాం?" అంటుంది. దాదాపు అందరు అమ్మలూ అనే మాటే అది. "మీ వల్ల కాదమ్మా, నా నిద్ర గురించి" అని ఊరుకోండి. ఆ రాత్రే అన్నీ వివరించాలని చూడకండి.

పెళ్లి సంబంధాలకు అడ్డు వస్తుందన్న భయం ఆడపిల్లల ఇళ్లలో మరీ ఎక్కువ. తల్లిదండ్రులారా, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ చూపించకుండా వదిలేసిన దిగులు పెళ్లయ్యాక కొత్త ఇంట్లో, కొత్త మనుషుల మధ్య ఇంకా బరువెక్కుతుంది. ఇంకొక విన్నపం. "మాట వినకపోతే కౌన్సెలింగ్‌కు తీసుకెళతా" అని పిల్లలను ఎప్పుడూ బెదిరించకండి. నిజంగా అవసరమైన రోజున ఆ పిల్లవాడు దాన్ని శిక్షగానే చూస్తాడు. "నీకు చెప్పుకోవాలనిపించినవి మాకు చెప్పలేకపోవచ్చు, మాకు కోపం రాదు, వేరే ఒకరితో మాట్లాడతావా?" అని అడిగి చూడండి.

మగవారికి ఇంకొక అడ్డు. ఏడిస్తే మగతనానికి తక్కువని మనం చిన్నప్పుడే నేర్పిస్తాం. అలా పెరిగినవాడు బాధను కోపంగానో తాగుడుగానో బయటపెడతాడు. మీ ఇంట్లో అలాంటివారు ఉంటే "నీకు కౌన్సెలింగ్ అవసరం" అనకండి. "నీకు నిద్ర పట్టడం లేదు, నేను చూస్తున్నాను. ఒకసారి వెళదాం, నేనూ వస్తాను" అనండి.

6. మొదటి సిట్టింగ్‌కు వెళ్లండి

పదిహేను నిమిషాలు ముందుగా చేరండి. రాసుకున్న కాగితం, వాడుతున్న మందుల చీటీలు, రిపోర్టులు తీసుకెళ్లండి. తోడు వచ్చినవారు బయట కూర్చోవచ్చు. లోపలికి రావాలా వద్దా అన్నది మీ ఇష్టం.

మీ ముఖం చూసి మనసు చదివేస్తారని, మంచం మీద పడుకోబెట్టి నిద్రలోకి పంపిస్తారని భయపడేవాళ్లు ఉన్నారు. అలాంటిది ఏదీ జరగదు. రెండు కుర్చీలు, ఒక గడియారం, మంచినీళ్లు ఉంటాయి. వయసు, ఇంట్లో ఎవరెవరు, ఏం చేస్తుంటారు, ఇబ్బంది ఎప్పటి నుంచి, గతంలో చికిత్స ఏమైనా తీసుకున్నారా, తాగుడు వంటి అలవాట్లున్నాయా అని అడుగుతారు. చనిపోవాలనిపిస్తోందా అని కూడా అడగవచ్చు. అందరినీ అడిగే ప్రశ్నే అది, కంగారుపడకండి. మాటలు రాకపోతే కాగితం చేతికి ఇచ్చి చదవమనండి. ఏదైనా చెప్పడం ఇష్టం లేకపోతే "ఇది ఇప్పుడే చెప్పలేను" అంటే ఒత్తిడి చేయరు.

నా అనుభవం చెబుతాను. మొదట వెళ్లినచోట నా భయమే నిజమైంది. పది నిమిషాలు విని, "మీరే ఇలా ఉంటే పిల్లలకు ఏం చెబుతారు? ధైర్యంగా ఉండాలి" అన్నారు. చదువు, ఉద్యోగం, పిల్లలు, అన్నీ ఉన్నాయి కదా అని లెక్కపెట్టి చూపించారు. తల ఊపి బయటికి వచ్చేశాను. కౌన్సెలింగ్ అంటే ఇంతేనని తీర్మానించుకుని మూడు నెలలు ఎటూ వెళ్లలేదు. ఆ మూడు నెలలు నేను పోగొట్టుకున్నాను. ఒక చెప్పుల జత సరిపోకపోతే చెప్పులే వేసుకోవడం మానేయం కదా అని ఒక స్నేహితురాలు అంటే అప్పుడు రెండోచోటుకు వెళ్లాను.

అక్కడ ఆవిడ మొదట "ఈ రోజే రావాలని ఎందుకనిపించింది?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ, అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పాను. నాన్న పోయినా ఆయన ఫోను నంబరుకు నెలనెలా రీచార్జి చేయిస్తూనే ఉన్నాను. చాదస్తమంటారేమోనని ఆగాను. ఆవిడ "ఆ నంబరుకు ఎప్పుడైనా ఫోను చేస్తారా?" అని మాత్రం అడిగారు. చేస్తాను, తెల్లవారుజామున మూడింటికి, ఒక్కోసారి. అక్కడ ఏడుపు ఆగలేదు. ఏడవకండి అని ఆవిడ అనలేదు, సమయం అయిపోయిందని తొందరపెట్టనూ లేదు. బయటికి వచ్చేసరికి బాధేమీ తీరలేదు. ఆ రాత్రీ మూడింటికే లేచాను. కానీ మరుసటి వారం వెళ్లాలనిపించింది. మొదటి సిట్టింగ్ నుంచి మీరు ఆశించాల్సింది అంతే.

7. మీ మాటలు ఎక్కడిదాకా వెళతాయో అడగండి

మొదటి రోజే "నేను చెప్పేది ఎవరికైనా చెబుతారా?" అని నేరుగా అడగండి. మానసిక చికిత్స తీసుకునేవారి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టంలోని 23వ సెక్షన్ చెబుతోంది. మీ ఆఫీసుకో బంధువులకో కబురు వెళ్లదు. అయితే అది హద్దుల్లేని గోప్యత కాదు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే, న్యాయస్థానం ఆదేశిస్తే, మీకు చికిత్స చేస్తున్న ఇతర వైద్యులకు అవసరమైతే కొంత చెప్పాల్సి వస్తుంది. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం తెలియజేయక తప్పదు. పిల్లలను తీసుకెళ్లేవారికి ఇది ముందే తెలిసి ఉండాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రులకు ఎంత చెబుతారో కూడా ముగ్గురూ కలిసి మొదటి రోజే మాట్లాడుకోండి.

కుటుంబ న్యాయస్థానంలోనో పోలీసు స్టేషన్‌లోనో జరిగే కౌన్సెలింగ్ ఉద్దేశం వేరు, నియమాలూ వేరు. అక్కడి అనుభవంతో దీన్ని, దీని అనుభవంతో దాన్ని కొలవకండి. ఆలుమగలు కలిసి వెళ్లేటప్పుడు కౌన్సెలర్ ఎవరిది తప్పో తేల్చి తీర్పు ఇస్తారని ఎదురుచూడటం కూడా ఆ పంచాయితీ అలవాటే. అలాంటి తీర్పు రాదు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే మాత్రం ఇద్దరూ కలిసి కూర్చునే సిట్టింగ్ కంటే ముందు భద్రత ముఖ్యం. ఒంటరిగా వెళ్లి చెప్పండి, మహిళలు సహాయ నంబరు 181కి ఫోను చేయవచ్చు.

8. మందులు రాస్తే భయపడకండి, ప్రశ్నించండి

కౌన్సెలింగ్‌కు వెళితే మందులు తప్పవన్నది ఒక అపోహ, మొదలుపెడితే జీవితాంతమన్నది ఇంకొకటి. చాలామందికి మాటలతోనే సరిపోతుంది. కొందరికి మందులు కావాలి, కొందరికి రెండూ కావాలి. కౌన్సెలర్ అవసరమనుకుంటే సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపుతారు.

మందులంటే అలవాటు పడిపోతామన్న భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. చీటీ లేకుండానే షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ల తరబడి వేసుకునే నిద్రమాత్రలు మన ఇళ్లలో కొత్త కాదు. అల్‌ప్రజోలమ్ వంటి వాటికి అలవాటుపడే ప్రమాదం నిజంగానే ఉంది. దిగులు తగ్గడానికి ఇచ్చే మందులు ఆ రకం కాదు. అవి పనిచేయడం మొదలవడానికే సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని "పనిచేయలేదు" అని పారేయకండి. బాగైన తర్వాత కూడా కొన్ని నెలలు కొనసాగించమంటారు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు వంటివి రావచ్చు కాబట్టి డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. ఇది ఎందుకు, ఎన్నాళ్లు, ఏ ఇబ్బందులు రావచ్చు అని ముగ్గురు రోగులు వెనుక నిలబడి ఉన్నా సరే అడిగి తెలుసుకోండి. గర్భవతులు, బిడ్డకు పాలిచ్చే తల్లులు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

9. మధ్యలో మాయమవకండి, చెప్పి ఆపండి

ఒక్క సిట్టింగ్‌లో తేలిపోవాలని అనుకోకండి. ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చుకోవడం మీద పనిచేసే ఒక పద్ధతిలో 12 నుంచి 20 సిట్టింగ్‌ల వరకు పట్టడం మామూలే. సాధారణంగా వారానికి ఒకటి, ఒక్కోటి 45 నిమిషాల నుంచి గంట. మధ్యలో ఇంటి పని ఇస్తారు. నిద్ర వేళలు రాయడం, తప్పించుకు తిరుగుతున్న ఒక చిన్న పనిని చేసి చూడటం వంటివి. నాకు ఇచ్చినది నాన్నకు ఉత్తరం రాయడం. రెండు వారాలు రాయలేదు, అదే విషయం వెళ్లి చెప్పాను. రాయలేకపోవడం గురించే ఆ రోజంతా మాట్లాడుకున్నాం.

రెండు, మూడు సిట్టింగ్‌ల తర్వాత బాధ ఎక్కువైనట్టు అనిపించవచ్చు. దాచిపెట్టినది పైకి వస్తోంది కాబట్టి. ఆ మాట కౌన్సెలర్‌కే చెప్పండి. నాలుగు సార్లు వెళ్లినా ఆయనతోనో ఆవిడతోనో మనసు కలవడం లేదనిపిస్తే "నాకు ఉపయోగపడుతున్నట్టు లేదు" అని చెప్పి ఇంకొకరిని చూసుకోండి. కానీ కొన్ని గుర్తులు కనిపిస్తే నాలుగు సిట్టింగ్‌లు ఆగనక్కర్లేదు, ఆ రోజే లేచి వచ్చేయండి. మిమ్మల్ని తిట్టడం, కులం మీదో మతం మీదో మీ ఇష్టాయిష్టాల మీదో తీర్పులు చెప్పడం, తాకకూడని విధంగా తాకడం, బయట కలవమనడం, వేరే వాళ్ల కథలు పేర్లతో సహా చెప్పడం, నెల రోజుల్లో పూర్తిగా నయం చేస్తానని హామీ ఇచ్చి మొత్తం డబ్బు ముందే అడగడం.

బాగుందనిపించినప్పుడు చెప్పకుండా మాయమవడం మనలో చాలామంది చేసే పని. అలా చేయకండి. "ఇప్పుడు ఫర్వాలేదనిపిస్తోంది, ఆపాలనుకుంటున్నాను" అని చెప్పి చివరి సిట్టింగ్ ఒకటి పెట్టుకోండి. మళ్లీ దిగులు మొదలైతే ముందుగా ఏ గుర్తులు కనిపిస్తాయో, అప్పుడు ఏం చేయాలో ఆ రోజు ఇద్దరూ కలిసి రాసుకోండి. నా కాగితంలో మొదటి గుర్తు తెల్లవారుజామున మూడింటికి మెలకువ. వరుసగా పది రోజులు అలా అయితే ఫోను చేయాలని దాని పక్కనే రాసి ఉంది. అది బీరువాలో, నాన్న ఫోను పక్కన ఉంచాను.